దండం పెట్టిన కాపరి

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మళ్లీ ఎన్నికలొచ్చాయి. మన నాయకుడు ఆదోని నుంచి జీపులో నేరుగా మన చర్చికి, ఆదివారం ఆరాధనకే వచ్చాడు. పోయినసారి మన పేటకు తవ్విస్తానన్న బావిని తన పత్తిచేనులో తవ్వించుకున్న పెద్దమనిషే! మేమింకా కడవలెత్తుకుని వంకకే పోతున్నాం. అయినా సంఘపెద్దలు ఆయనకు ముందు వరసలో కుర్చీ వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఉపదేశివి నువ్వు లేవు కదా, వాక్యం నన్ను చదవమన్నారు. నీ బైబిల్లో నువ్వు ఎర్ర నూలుపోగు గుర్తు పెట్టుకున్న పేజీయే తీశాను. మందను గాలికొదిలి తమ కడుపే నింపుకునే కాపరుల మీద యెహెజ్కేలు ప్రవక్త విరుచుకుపడే అధ్యాయం. నాయకుడి ముఖంలోకే చూస్తూ చదివాను. ఆ గ్రాంథికంలో ఆయనకు అందిన మాట "కాపరి" ఒక్కటే. అది వినపడినప్పుడల్లా లేచి అందరికీ దండం పెట్టాడు!

పోతూ పోతూ నా దగ్గరికి వచ్చాడు.

"శానా బాగా సదివినావు తల్లీ. నేను మీ కాపరినని మీటింగుల్లో సెప్తానే ఉండా. మీ గ్రంథంలో నా గురించి అప్పుడే రాసిపెట్టినారే!"

ఆ ప్రవచనం మన ఊరికీ వర్తిస్తుందని నువ్వు బతికున్నన్నాళ్లూ మొత్తుకున్నావు. ఎవరూ ఒప్పుకోలేదు. ఇన్నాళ్లకు ఒప్పుకున్నది ఆయనొక్కడే నాయనా.

నీ కూతురు