కోతి నెత్తురు, నా చొక్కా

నా చొక్కా మీది కోతి నెత్తుర్ని మనిషిదని రాసి నా నోటికాడి కూడు తీశారు మేడమ్! మా జంతుశాల స్టోర్‌కీపర్ చేతికి కట్టుతో వచ్చి, నేనే కర్రతో కొట్టానన్నాడు. పెద్దసారు నా చొక్కాని మీ ల్యాబుకి పంపాడు. మీరు "మనిషిదే" అన్నారు. ఆయన నన్ను ఇంటికి పంపాడు. ముసలికోతికి గోరు విరిగితే ఎత్తుకున్నాను, అప్పుడంటిన మరక అది!

ఇట్లు,
కోతిబోను కడిగేవాడు

తా.క. చొక్కా తిరిగి పంపండి. ఉన్నవి రెండే.

*

బోను కడిగే బాబుకి,

మా పరీక్ష మందు మనిషి నెత్తుటిలోని ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. కోతిదీ దగ్గర పోలికే కాబట్టి దాన్నీ పట్టుకుంటుంది, కాస్త బలహీనంగా. ఆవుదైతే మరీ తక్కువ. ఆ సంగతి రిపోర్టులో రాయకపోవడం మా తప్పే. ఈసారి మందులో ముందే కోతి ప్రొటీన్ కలిపి, దానికి అంటుకునే భాగాన్ని తీసేస్తాం. మిగిలింది మనిషి నెత్తుటినే పట్టుకుంటుంది. పోల్చడానికి మీ కోతి నెత్తురు కాస్త పంపండి.

ఇట్లు,
ల్యాబు ఆఫీసరు

తా.క. పరీక్ష కోసం చొక్కా జేబు కోశాం. క్షమించాలి.

*

జేబు కోశారా!

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా తల తిరుగుతోంది. కోతి నాకు వేలువిడిచిన మేనత్త, ఆవు దూరపు చుట్టం, అంతేనా? మరి మేనత్తని ఎత్తుకుంటే ఉద్యోగం తీసేస్తారా? మందులో కోతిని కలిపి కోతిని తీసేయడమేంటి? పాలల్లో నీళ్లు పోసి, మళ్లీ ఆ నీళ్లే తీసేస్తానన్నట్టుంది. అయినా "కాస్త నెత్తురివ్వమ్మా" అంటే అదిస్తుందా? గోరు విరిగిన రోజు బోను చువ్వల మీది మరకలు తుడిచిన గుడ్డ నా సంచిలోనే ఉండిపోయింది, అది పంపుతున్నా. బోనులో ఉండేది అదొక్కతే.

ఇట్లు,
కోతిగారి మేనల్లుడు

తా.క. స్టోర్‌కీపర్ కనబడితే చాలు, కోతి పళ్లు నూరుతోందట. చుట్టరికం నిజమే, నాకూ అంతే.

*

మేనల్లుడిగారికి,

చొక్కా మీదిది కోతిదే. మీ మాటే నిజం. కానీ మీరు కోతిదని పంపిన గుడ్డ మీదిది మనిషి నెత్తురు! మళ్లీ చేసి చూశాం, అదే వచ్చింది. బోనులో మనుషులు కూడా ఉంటారా?

ఇట్లు,
తికమకలో ఉన్న ల్యాబు ఆఫీసరు

తా.క. గుడ్డకి అరటిపండు గుజ్జు కూడా అంటుకుని ఉంది.

*

మళ్లీ తప్పు రాశారని నోటికొచ్చినట్టు తిట్టాను మేడమ్. మా అక్క ఉత్తరం లాక్కుని చదివి, "ఒరేయ్ మొద్దూ, చేతికి కట్టు ఎవడికుందిరా?" అంది. అప్పుడు వెలిగింది. ముసలిదాని గిన్నెలో పళ్లు మాయమవుతుంటే "దానికి తిండి యావ ఎక్కువైంది" అనేవాడు స్టోర్‌కీపర్. చువ్వల్లోంచి చెయ్యి పెట్టి లాక్కున్నది వాడే! మేనత్త కొరికింది. ఆ మాట చెప్పలేక నా మీదికి తోశాడు. గుడ్డ సంగతీ చొక్కా సంగతీ మీ సంతకంతో పెద్దసారుకి రాయండి, వాడి కట్టు విప్పి చూడమనండి.

ఇట్లు,
జేబులేని చొక్కావాడు

తా.క. ఆ పంటిగాట్లని మాత్రం మీ ల్యాబుకి తెప్పించుకోకండి, మళ్లీ నావే అంటారు. శుక్రవారంలోగా జవాబు రావాలి. రాలేదో, శనివారం మీ గుమ్మంలో ఉంటాను, మేనత్తతో సహా.