దుబాసీ గారి మెడ కొలత

టైలరు గారికి,

మెడ దాకా బొత్తాలుండే కోటుకి మొన్న మీ కొట్లో కొలతలిచ్చిన కోర్టు దుబాసీని రాస్తున్నాను. నా నడుముకి టేపు చుట్టి, మీ ఇంటి భాషలో మీ ఆవిడతో ఏమన్నారు? "ఇది పొట్ట కాదు, గుమ్మటం. నిజం చెబితే నొచ్చుకుంటాడు. రెండంగుళాలు తగ్గించి చదువుతా, నువ్వు పెంచి కత్తిరించు." అయ్యా, నాకు ఏడు భాషలొచ్చు. మీది మూడోది!

ఇట్లు,
ఒళ్ళు మండిన దుబాసీ

తా.క.: మీరు తగ్గించి చదివిన అంకే మా ఆవిడకి చెప్పాను. దయచేసి మార్చకండి.

*

దుబాసీ గారికి దండాలు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదండీ. కస్టమర్లు బాధపడకూడదని ఒంటి కొలతల సంగతులు మా భాషలో చెప్పుకోవడం మా కొట్లో మొదట్నించీ ఉన్న అలవాటు. ఇకమీదట మీ ముందు ఆ భాష ఎత్తితే ఒట్టు. శుక్రవారం ట్రయలుకి రండి.

మన్నించమని వేడుకునే,
టైలరు

తా.క.: గుమ్మటం అన్నది నేనే. మా ఆవిడ "పాపం" అని మాత్రమే అంది.

*

టైలరు గారికి,

శుక్రవారం ట్రయల్లో ఒట్టు భలే నిలబెట్టుకున్నారు! ఆ భాష మానేసి మీ ఆవిడ పుట్టింటి భాష అందుకున్నారు. అది నాకు ఐదోది! "మెడ ఎడమ పక్క గడ్డ లేచింది. కొలతలప్పుడు బఠాణీగింజంత, ఇప్పుడు గోలీ అంత. డాక్టరుకి చూపించుకోకపోతే ఎలా?" అని మీరు, "అయ్యో, ఎవరైనా చెబితే బాగుండు" అని ఆవిడ! కాలరు కుదరకపోతే తప్పు నా మెడదా? రేపే డాక్టరు దగ్గరికెళ్ళి, నా మెడకి ఏ రోగం లేదని కాగితం రాయించి మీ మొహాన కొడతాను.

ఇట్లు,
మీ గడప తొక్కని దుబాసీ

తా.క.: చేతులు మాత్రం బాగా కుదిరాయి.

*

దుబాసీ గారికి,

మూడు వారాలైంది. కాగితం రాలేదు, మీరూ రాలేదు. మొహాన కొట్టినా సరే, ఒక్కసారి కనబడండి. మా ఆవిడ గుమ్మం వైపే చూస్తోంది. భయంగా ఉందండీ.

మీ,
టైలరు

తా.క.: కాలరు విప్పేసి ఉంచాను. ఎంత కావాలంటే అంత వదులు చేస్తాను.

*

టైలరు గారికి నమస్కారాలు.

ఆ కాగితం ఇక రాదు. డాక్టరు మెడ చూడగానే మంచమెక్కించాడు. గడ్డ తీసేశారు. చెడ్డది కాదట. కానీ ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే గొంతు నరాన్ని నొక్కేసి మాట పడిపోయేదట. ఏడు భాషలూ ఒక్కసారే పోయేవి! నాకు అర్థం కాదనుకుని మీరలా మాట్లాడుకోబట్టి బతికిపోయాను.

ఎప్పటికీ మీ,
దుబాసీ

తా.క.: పదిరోజులు నోరు విప్పొద్దన్నారు. మా ఆవిడ ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

*

దుబాసీ గారికి,

అమ్మయ్య! మీ ఉత్తరం చదివి మా ఆవిడ మిషను మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. ఇక దాచడం దేనికి? ఏడు భాషలొచ్చని మీరే రాశారు కదండీ, మర్చిపోతామా? "మీ మెడ మీద గడ్డ" అని మొహాన చెబితే "నీ కుట్టు నువ్వు చూసుకో" అంటారు. చాటుమాటుగా అన్నట్టు అంటే పట్టుదలకైనా వెళ్తారని మా ఆవిడ ఎత్తు వేసింది. నా భాష ఎత్తనని ఒట్టేశాను కాబట్టి మా ఆవిడ పుట్టింటి భాష పట్టుకున్నాం. అది మీకొచ్చో రాదో! ముందు పొట్ట మీద ఒక మాట విసిరి చూశాం. మీ చెవులు ఎర్రబడ్డాయి. హమ్మయ్య, ఇదీ వచ్చనుకున్నాకే గడ్డ మాట ఎత్తాం.

మీ మేలు కోరే,
టైలరు

తా.క.: కోటు సిద్ధం. మీ ఆవిడకి చెప్పిన అంకె రసీదు మీద ఉంది, అసలుది గుడ్డ మీద ఉంది.