మందు లేని మాత్రలు

డాక్టరు గారికి,

మీ పరిశోధనలో చేరిన దర్జీ గారి భార్యను రాస్తున్నాను. చేతి వణుకు మందు పరీక్ష ముగిసిందనీ, మా ఆయనకు ఇచ్చినవి మందు లేని ఉత్త మాత్రలనీ మొన్న ఫోనులో చెప్పారు. ఆయన మిషను మీద ఉన్నారు, వినలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటున్నారండీ. కాజాలు కూడా కుడుతున్నారు. ఈ మాట చెవిన పడితే ఆ చెయ్యి ఏమైపోతుందోనని నాకు గుండె దడ.

సీసా అడుగంటింది. మీ పరిశోధనలో ఏం రాసుకుంటారో మీ ఇష్టం, అవే మాత్రలు పంపండి. ఫోను చేస్తే నాతోనే మాట్లాడండి.

"నీ మోకాలి నొప్పికీ అవే తెప్పించుకోవే, మొండిదానా" అని ఆయన రోజూ పోరుతున్నారు. అన్నీ తెలిసినదాన్ని, నాకవి ఎలా పనిచేస్తాయండీ?