చుక్క పందుంపుల్ల

విజయా,

నీ మాసికం పెట్టిన మర్నాటి నుంచి నీ పిల్లి చుక్క తిండి మానేసింది. పాలన్నం గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి వెళ్లిపోయేది. పక్కింటి లక్ష్మి చూసి, "పిన్ని మీద బెంగ పెట్టుకుంది బాబాయ్, పాపం నోరులేనిది" అంది. ఆరా తీయకుండా ఏ వార్తా రాయని నేను ఆ మాట నమ్మేశాను. ఈ ఇంట్లో నిన్ను వెతుక్కునేవాళ్లం ఇద్దరమున్నామని కొంచెం ధైర్యంగా కూడా ఉండేది.

మరీ చిక్కిపోతుంటే ఉండబట్టలేక, బుట్టలో పెట్టుకుని జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కాను. అక్కడి పశువుల డాక్టరు దాని నోరు తెరిచి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"బెంగేంటి సార్! చిగుళ్లు వాచిపోయి పన్ను కదులుతోంది. ఇంత కంపు కొడుతుంటే మీకు తెలీలేదా?"

మత్తిచ్చి ఆ పన్ను తీసి, మిగతావి శుభ్రం చేశాడు. నమలడానికి ఇదివరకు ఏమైనా ఇచ్చేవారా అని అడిగాడు. నువ్వు గోడవార కుప్పింటాకు మొక్క పీకి, పిల్లులు ఇష్టంగా నమిలే ఆ వేరు కడిగి ఇచ్చేదానివని, దాన్ని 'చుక్క పందుంపుల్ల' అనేదానివని చెప్పాను. నవ్వాడు.

"చిగుళ్లు మానాక మళ్లీ ఇవ్వండి. కానీ పాడైన పన్ను దాంతో బాగవదండి" అన్నాడు.

ఇవాళ పొద్దున ఉడికించిన చేప ముళ్లు తీసి చిదిపి పెడితే, చుక్క గిన్నె అడుగు దాకా నాకింది. తరవాత నీ కుర్చీలో ఎండకి పడుకుని హాయిగా నిద్రపోయింది.

లక్ష్మి గోడ మీంచి చూసి, "అయితే బెంగ కాదన్నమాట బాబాయ్?" అంది.

"దానికి కాదమ్మా" అన్నాను.