ఎర్తు కాడ పోసిన నీళ్లు

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. ఏడాది దినం చేసినాం. వచ్చినోళ్లు తిని పోయినాక నేను మన రేడియో షాపులో వచ్చి కూర్చున్నా.

నువ్వు చేసిన ఆసిలేటర్ నెల నుంచి సతాయిస్తాండాది. రేడియోలు సరిచేసేదానికి దాంట్లోంచి సన్నటి కూత ఒక్కటే రావల్ల. ఇప్పుడు కూత కింద గుర్రుమని ఒకటే రొద. కెపాసిటర్లు మార్చినా. కరెంటు తీసేసి బ్యాటరీ పెట్టినా. డబ్బా రేకు కోసి చుట్టూ మూసినా. తగ్గలే. ఉరవకొండలో ఇంగ రేడియోలు తెచ్చేటోళ్లు మాత్రం యాడుండారు? విసుగొచ్చి, నా వెంట వచ్చిన అమ్మతో "షాపు మూసేద్దాం మా" అన్నా.

అమ్మ బిందె ఎత్తుకొని షాపు వెనక్కి పోయింది. ఆసిలేటర్ వైరు కట్టి నువ్వు నేలలో పాతిన ఎర్తు కడ్డీ కాడ నేల ఎండి నెర్రెలిచ్చినాది. మళ్లీ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలీదు, అయినా తాగే నీళ్లు తీసుకపోయి ఆడ పోసింది. నేల తడిసేకొద్దీ లోపల రొద మెల్లగా అణిగి, కూత ఒక్కటే మిగిలింది.

నువ్వున్నప్పుడూ ఇంతే కదా. నువ్వు లోపల చెవి పెట్టి "చాలు" అనేదాకా ఆమె బయట పోస్తా ఉండేది.

"ఏమప్పా, చాలునా?" అని గోడవతల నుంచి అమ్మ కేకేసింది.

నిన్నే తప్ప నన్నెప్పుడూ ఆమె అట్లా పిలిచింది లేదు. నేను ఆసిలేటర్ కాడ చెవి పెట్టి అట్నే కూర్చున్నా.

జవాబు రాలేదని, బిందె ఖాళీ అయ్యేదాకా పోస్తానే ఉండె.