వదిలేయమన్న చేప

బ్లాక్‌టౌన్,
నవంబరు, 1990.

చిరంజీవి ఫ్రాంక్లిన్‌కు ప్రభువు నామంలో అమ్మ దీవెనలు.

మేము క్షేమమనే రాస్తున్నాను. అంతా చదివాక ఆ మాట నిజమో కాదో నువ్వే చెప్పాలి. నువ్వూ, జాక్లినూ, పిల్లవాడూ బాగున్నారని నమ్ముతున్నాను. ఏతాన్‌కి దగ్గు ఇంకా తగ్గలేదని రాశావు. వాము కాచి పట్టమని జాక్లిన్‌తో చెప్పు. డాక్టరువి కదా అని నవ్వకు.

నాన్నగారు ఫోన్లో ఎందుకు మాట్లాడటం లేదని అడిగావు. అలక కాదు నాయనా. రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని నీ మాటలన్నీ వింటారు. నోరు తెరుస్తారు, మూస్తారు. మాట రాదు.

పోయిన నెల పక్కింటి కెవిన్ మమ్మల్ని కొండల్లో ఒబెరాన్ అనే ఊరి అవతల ఒక నదికి ట్రౌట్ చేపల వేటకి తీసుకెళ్ళాడు. దానికి వానపాములూ అవీ అక్కర్లేదు. ఈకలు చుట్టి ఈగలా కట్టిన చిన్న గాలాన్ని నీళ్ళ మీద తేలేలా విసరాలి. ట్రౌట్ ఎప్పుడూ ఏటికి ఎదురు తిరిగే నిలబడుతుందట. నీడ పడకుండా వెనక నుంచి వెళ్ళాలట. నాన్నగారు నడుములోతు నీళ్ళలో నిలబడి పొద్దుటినుంచీ విసురుతూనే ఉన్నారు. నేను గట్టు మీద కీర్తనలు చదువుకుంటున్నాను. మధ్యాహ్నం ఉన్నట్టుండి పిట్టల కూతలు ఆగిపోయాయి. నీళ్ళ చప్పుడు కూడా తగ్గినట్టు అనిపించి తలెత్తాను. అప్పుడే చేప పడింది.

ముసలి చేప. మూరెడు పొడవు, కింది దవడ కొక్కెంలా వంగి ఉంది. ఒక కన్ను తెల్లగా ఉంది. కెవిన్‌కి నాన్నగారి పేరు రాయప్ప అని పలకడం రాదు. "రాయ్, దాన్ని వదిలేయ్" అన్నాడు.

"వదిలేయడానికా ఇంతసేపు నడుములోతున నానాను? దీని పులుసు రుచి నీకేం తెలుసు?" అన్నారు నాన్నగారు.

"మా నాన్న కూడా వదిలేశాడు. దీన్నే. నేనప్పుడు చిన్నవాణ్ణి."

కెవిన్‌కి అరవై దాటాయి. నాన్నగారు పగలబడి నవ్వారు. "ఎండ దెబ్బ తగిలింది నీకు. ఆదివారం మా ఇంటికి రా, తిని చెబుదువుగాని."

కెవిన్ గాలం చుట్టేశాడు. ఇప్పుడు కంచె దగ్గర నేను కనిపిస్తే లోపలికి వెళ్ళిపోతున్నాడు.

పెండిల్ హిల్‌లో మనవాళ్ళ కొట్లో కొన్న చింతపండుతో పులుసు పెట్టాను. నాన్నగారు వేళ్ళు నాకుతూ తిన్నారు.

మర్నాటి నుంచి గాలి ఎటు నుంచి వస్తే అటే ముఖం పెట్టి నిలబడుతున్నారు. గాలి మారితే ఆయనా మెల్లగా తిరుగుతారు. చర్చిలో పీఠం వైపు కాకుండా ఫ్యాను వైపు తిరిగి నిలబడితే పిల్లలు నవ్వారు. నా నీడ ఆయన మీద పడితే చటుక్కున గోడవారకి తప్పుకుంటారు. వెనక నుంచి వెళితే మాత్రం నేనున్నట్టే తెలియదు. ఇక్కడి డాక్టరు రక్తం పరీక్ష చేయించి అంతా బాగుందన్నాడు. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. నాన్నగారు ఆమెన్ అనలేదు.

ఇన్నాళ్ళకి మొన్న ఒక్క మాట అన్నారు. "మరియా, శనివారం నదికి వెళదాం." ఈసారి నీళ్ళలోకి దిగితే మళ్ళీ గట్టు ఎక్కరని నా భయం.

దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని, ఇలాంటివి నమ్మకూడదు. అందుకే ఇంతసేపూ ఒక సంగతి రాయలేకపోయాను. ఆ పులుసు నేనూ తిన్నాను. తలకాయ నేనే వేసుకున్నాను. నిన్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గాలి మారింది. తడి చీర చేతిలో పట్టుకుని నేనూ తిరిగాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. భయం వెయ్యలేదు నాయనా. ముఖానికి చల్లగా, హాయిగా ఉంది. అదే నాకు ఇప్పుడు భయం.

కవరు ఎందుకు బరువుగా ఉందో ఈపాటికి చూసే ఉంటావు. అవి మా కారు తాళాలు. రెండూ పంపించేశాను. వీలైనంత త్వరగా నువ్వు రా. వచ్చేదాకా వాటిని నీ దగ్గరే ఉంచు. నేనే ఫోన్ చేసి బతిమాలినా పంపకు.

ఇట్లు,
నీ క్షేమం కోరే అమ్మ,
మరియరాణి