అమ్మ ఎత్తుకి సరిపోయిన గ్యాలరీ

అమ్మా,

క్షేమం, కాస్త గర్వం కూడా. "కూర్చోవడం తప్ప వాడికేం చేతనవును?" అనే నాన్నకు ముందు ఇది చదివి వినిపించు. మన పాత ఫుట్‌బాల్ స్టేడియాన్ని బాగుచేస్తున్నారు కదా, కొత్త సీట్లన్నిటిలో కూర్చుని ఆట కనిపిస్తుందో లేదో చూసే మహత్కార్యం నాకే అప్పగించారు.

నిన్న మూల గ్యాలరీలో మా చీఫ్ ఇంజనీరు, నిట్రాడలాంటి పొడుగు మనిషి, కూర్చుని "గోల్ భేషుగ్గా కనిపిస్తోందిగా" అన్నారు.

"సీట్లో కాస్త కిందికి, మా అమ్మ ఎత్తుకి జారండి సార్" అన్నాను.

"మధ్యలో మీ అమ్మగారెందుకయ్యా?"

"చిన్నప్పుడు ఇక్కడే నన్ను భుజాలకెత్తుకుని, ఆటెలా ఉందిరా అని నన్నే అడిగేది సార్. తనకేమీ కనిపించేది కాదు."

ఆయన జారారు. ఎదురుగా ఇనప కమ్మీ తప్ప గోల్ లేదు. లేచి, ఆ వరుసలన్నీ ఎత్తు పెంచమన్నారు. ఇవాళే పని మొదలైంది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి నా సైకిల్ తీస్తోందట, దానికి బ్రేకులు లేవని చెప్పు. మొదటి మ్యాచ్‌కి నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి పట్టుకుని, నాన్నతో తప్పకుండా రా. ఇద్దరికీ కూర్చున్నచోటి నుంచే దణ్ణాలు. ఈసారి ఆటెలా ఉందని నేనడుగుతాను, నువ్వు చెబుదువుగాని.

నీ కూర్చునే కొడుకు